పాపకి ఒక చోట మైనస్, ఇంకో చోట ప్లస్ అన్నారు. దూరం బాగానే కనిపిస్తుంటే అద్దాలు ఎందుకు?

మున్నేటి గట్టు:

మా పాపకి అయిదో ఏడు నడుస్తోంది, యూకేజీ. కొన్ని నెలలుగా గమనిస్తున్నాను, సాయంత్రం అలిసిపోయినప్పుడో, మిక్చర్‌లోంచి పల్లీలు ఏరుకునేటప్పుడో కుడి కన్ను ముక్కు వైపుకి వెళ్ళిపోతోంది. పేరు పెట్టి పిలిస్తే తలెత్తి చూస్తుంది, అప్పుడు మళ్ళీ మామూలుగానే ఉంటుంది. మా అత్తమ్మేమో మెల్లకన్ను అదృష్టం, ఊరికే కంగారు పడకు అంటుంది.

ముందు మా వీధి చివరి కళ్ళద్దాల షాపుకి తీసుకెళ్ళాం. మిషన్ మీద గడ్డం పెట్టించి చీటీ తీసి ఇచ్చాడు, రెండు కళ్ళకీ -0.50 ఉంది, ఇంత చిన్న పవర్‌కి అద్దాలు అక్కర్లేదు అన్నాడు. నా మనసు ఒప్పక ఖమ్మంలోనే ఒక కంటి ఆసుపత్రికి వెళ్తే, మూడు రోజులు అట్రోపిన్ ఆయింట్‌మెంట్ పెట్టి తీసుకురమ్మన్నారు. తర్వాత చీకటి గదిలో కూర్చోబెట్టి, కంట్లోకి సన్నటి లైటు వేస్తూ, ముందు గాజు బిళ్ళలు మారుస్తూ చూసి కుడి +5.50, ఎడమ +4.00 అన్నారు. మైనస్ అర ఎక్కడ, ప్లస్ అయిదున్నర ఎక్కడ! రోజంతా పెట్టుకోవాలట, స్నానానికీ నిద్రకీ తప్ప తీయకూడదట. కుడి కంటికి చూపు కూడా కొంచెం తక్కువే అన్నారు, మూడు నెలల తర్వాత మళ్ళీ చూసి కన్ను మూసి ఉంచే పట్టీ సంగతి చెబుతామన్నారు.

నాకు అర్థం కానిది ఏంటంటే, పాపకి దూరం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. రోడ్డు అవతల ఆగిన బస్సు మీద నంబరు చదివేస్తుంది. స్కూల్లో కళ్ళ పరీక్ష పెడితే అందులోనూ పాస్. ఇలాంటి పిల్లకి సోడాబుడ్డి అద్దాలు పెడితే పవర్ ఇంకా పెరగదా? ఇంట్లో అప్పుడే "ఆడపిల్ల, రేపు పెళ్ళికి కష్టం" దాకా వెళ్ళింది మాట. ఆపరేషన్ చేయిస్తే పోతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

ప్లస్ మైనస్:

విశాఖలో ఆప్టోమెట్రిస్టుని, రోజూ పిల్లల్నే చూస్తుంటాను. చుక్కలు వేయని చీటీని పక్కన పెట్టేయండి మేడమ్, ఆసుపత్రివాళ్ళు చెప్పిందే నమ్మండి. షాపువాళ్ళు మోసం చేశారని కాదు, మిషన్ చేసేదే అంత. ఆ మిషన్ లోపల ఒక బొమ్మ కనిపిస్తుంది, రోడ్డు చివర బెలూనో, పొలంలో ఇల్లో. దూరంగా ఉన్నట్టు గీసిన బొమ్మే అది, కానీ డబ్బాలోకి తొంగి చూస్తున్నామని పిల్లలకి తెలుసు కదా, దగ్గరి వస్తువుని చూసినట్టు కన్ను బిగించేస్తారు. ఆ బిగింపులో ప్లస్ అంతా దాక్కుంటుంది, ఒక్కోసారి ఇలా మైనస్ కూడా చూపిస్తుంది. అట్రోపిన్ పెడితే లోపలి కండరం సడలిపోతుంది, దాక్కున్నదంతా బయటపడుతుంది. అందుకే మెల్ల ఉన్న పిల్లలకి చుక్కలో ఆయింట్‌మెంటో వేయకుండా పవర్ రాయకూడదు. ఆ గాజు బిళ్ళల పరీక్షకి పిల్ల నోరు విప్పి ఏమీ చెప్పక్కర్లేదు కూడా, కంటి లోపలి నుంచి తిరిగి వచ్చే వెలుగు ఎటు కదులుతుందో చూసి మేమే లెక్క కడతాం.

ఇక దూరం ఎలా చదువుతోందన్నది. ఈ ప్లస్ పవర్‌నే పదో తరగతి సైన్సులో దీర్ఘదృష్టి అని చదివే ఉంటారు, కనుగుడ్డు పొడవు తక్కువైతే ప్రతిబింబం రెటీనా వెనక పడుతుంది, కుంభాకార కటకం పెట్టాలి అని. అక్కడ బొమ్మ సరిగ్గానే ఉంటుంది, కాకపోతే దాన్ని చదివి మనం "దూరం కనిపిస్తుంది, దగ్గర కనిపించదు" అని గుర్తు పెట్టుకుంటాం. చిన్నపిల్లల విషయంలో అది పనికిరాదు. పెద్దల కన్ను ముందు నుంచి వెనక్కి దాదాపు 24 మిల్లీమీటర్లు ఉంటుంది, అందులో ఒక్క మిల్లీమీటరు తగ్గితే సుమారు 3 డయాప్టర్ల (చీటీలో రాసే పవర్ కొలత ఇదే) ప్లస్ వస్తుంది. పుట్టినప్పుడు దాదాపు అందరికీ కొంత ప్లస్ ఉంటుంది, కన్ను ఎదిగేకొద్దీ ఆరేడేళ్ళకి చాలావరకు సర్దుకుంటుంది. మీ పాపది సర్దుకునే కోవలోది కాదు, మామూలు కంటే బాగా ఎక్కువ.

ఇప్పుడు లెక్క చూడండి. అయిదేళ్ళ పిల్ల కంటి కటకం చాలా మెత్తగా ఉంటుంది, 13, 14 డయాప్టర్ల దాకా తనంతట తాను ఉబ్బి పవర్ తెచ్చుకోగలదు. బస్సు నంబరు చూడాలంటే మామూలు కంటికి ఏ శ్రమా అక్కర్లేదు. మీ పాప కుడి కన్నయితే అయిదున్నర డయాప్టర్లు లాగాలి. ఖాళీ చేతుల్తో నడిచే దారిలో కూడా నిండు బిందె ఎత్తుకుని నడుస్తోందన్నమాట. పుస్తకం అడుగు దూరంలో పట్టుకుంటే ఇంకో మూడు కలుపుకోండి, ఎనిమిదిన్నర. చేయగలదు, చేస్తోంది కూడా. కానీ ఈ బిగింపుకీ రెండు కళ్ళు లోపలికి తిరగడానికీ మెదడులో ఒకే ముడి ఉంది. ఎంత బిగిస్తే అంత లోపలికి లాగుతుంది. అందుకే పల్లీలు ఏరేటప్పుడు కన్ను ముక్కు వైపు పోతోంది, మీరు పిలిస్తే దూరం చూస్తుంది కాబట్టి సర్దుకుంటోంది. అద్దం ఆ పవర్ ఇచ్చేస్తే బిగించే పనే ఉండదు, కన్ను నిలబడుతుంది. ఈ రకం మెల్లకి అద్దాలే మందు, చాలామంది పిల్లలకి ఆపరేషన్ దాకా వెళ్ళే పని పడదు. అద్దాలు పెట్టుకున్నా ఇంకా తిరిగి ఉంటే మిగిలిన ఆ కాస్తకి కండరాల ఆపరేషన్ చేస్తారు. దూరానికి బాగుండి దగ్గరికి మాత్రం తిరుగుతుంటే బైఫోకల్ (పైన దూరానికి, కింద దగ్గరికి వేరే పవర్ ఉండే అద్దం) ఇస్తారు.

స్కూల్లో పాస్ అవడం గురించి కూడా ఒక మాట. అక్కడ చార్టు చదివించి 6/6 వస్తే పంపేస్తారు, దూరం మసకగా కనిపించే మైనస్ పిల్లలు దొరుకుతారు, ప్లస్ పిల్లలు దర్జాగా చదివేసి వెళ్ళిపోతారు. కావాలంటే +2 అద్దం పెట్టి చదివించాలి. మామూలు పిల్లలకి దాంతో దూరం మసకగా కనిపిస్తుంది. అది పెట్టినా చదివేస్తే అనుమానించి చుక్కల పరీక్షకి పంపాలి. చాలా చోట్ల అంత ఓపిక ఉండదు.

అదృష్టం మాట మాత్రం వినకండి. రెండు కళ్ళకీ పవర్ తేడా ఉంది, ఒక కన్ను తిరుగుతోంది, అలాంటప్పుడు మెదడు ఆ కన్ను పంపే బొమ్మని పట్టించుకోవడం మానేస్తుంది. లేజీ ఐ అనేది ఇదే. ఏడెనిమిదేళ్ళ లోపు పట్టుకుంటే బాగా తిరిగి వస్తుంది, ఆ తర్వాత ప్రయత్నించకూడదని కాదు గానీ ఫలితం తగ్గుతూ పోతుంది. మీరు మంచి వయసులోనే వెళ్ళారు.

పవర్ పెరుగుతుందా అంటే, అద్దాల వల్ల పెరగదు. ఆరేడేళ్ళ వరకు ప్లస్ కొంచెం అటూ ఇటూ అవ్వచ్చు, తర్వాత ఎదిగే వయసులో మెల్లగా తగ్గడమే ఎక్కువ చూస్తాం. అయిదున్నర సున్నా అయిపోతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

గోంగూరమ్మ:

అక్కా, మా బాబుకి ఇదే కథ, ఇప్పుడు మూడో తరగతి. డాక్టర్లు చెప్పనివి రెండు మూడు చెప్తాను. అద్దాలు పెట్టిన కొత్తలో దూరం మసకగా ఉంది అంటారు, ఫ్రేమ్ పైనుంచి చూస్తారు, తీసి పారేస్తారు. ఇన్నాళ్ళూ బిగించి చూసిన అలవాటు ఒక్కసారి వదలదు కదా. మావాడికి ఆ అట్రోపిన్ ఇంకొన్నాళ్ళు వాడించారు, బిగించడం కుదరక అద్దాలకి తొందరగా అలవాటు పడ్డాడు. అది డాక్టర్ చెబితేనే చేయాలి, మన ఇష్టం కాదు. మొహం ఎర్రబడి ఒళ్ళు వేడెక్కినా, నోరు ఎండిపోతోందన్నా వెంటనే ఆపి ఫోన్ చెయ్యమన్నారు. పెట్టిన తర్వాత చెయ్యి కడుక్కో, ట్యూబు పిల్లలకి అందకుండా పెట్టు. కంటిపాప పెద్దదయి వారం పైనే అలా ఉంటుంది, ఎండలోకి టోపీ పెట్టి పంపు.

రెండోది, అందరూ భయపడేది ఇక్కడే. అద్దాలు పెట్టుకున్నప్పుడు కన్ను చక్కగా ఉంటుంది, రాత్రి తీయగానే అంతకుముందు కంటే ఎక్కువ తిరిగినట్టు కనిపిస్తుంది. మా ఆడపడుచు చూసి "అద్దాలు పెట్టి పిల్లాడి కళ్ళు పాడు చేశారు" అని ఇంట్లో పెద్ద పంచాయితీ పెట్టింది. రోజంతా హాయిగా ఉన్న కన్ను అద్దం తీయగానే మళ్ళీ బిగిస్తుంది, అందుకు అలా కనిపిస్తుందని డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్తే గానీ వినలేదు.

ఫ్రేమ్ చిన్నది తీసుకో, ముద్దుగా ఉందని పెద్దది తీసుకోవద్దు. ప్లస్ అద్దం మధ్యలో లావు, ఫ్రేమ్ పెద్దదైన కొద్దీ లావూ బరువూ రెండూ పెరుగుతాయి, జారి ముక్కు మీదకి వస్తుంది, పైనుంచి చూడటం మొదలవుతుంది. పాలీకార్బొనేట్ అద్దం అడుగు, కిందపడేసినా పగలదు. చెవుల వెనక రబ్బరు పట్టీ ఉండేది చూడు. కళ్ళు పెద్దగా కనిపిస్తాయి, అది మాత్రం తప్పదు, క్లాసులో ఒకడు గుడ్లగూబ అన్నాడని ఏడ్చి వచ్చాడు మావాడు, నేను వెళ్ళి టీచర్‌తో మాట్లాడితే ఆమె క్లాసులో ఆ మాట మళ్ళీ ఎవరూ అనకుండా చూసుకుంది.

మున్నేటి గట్టు:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. ఆ ముడి సంగతి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, పల్లీల దగ్గరే ఎందుకు తిరుగుతోందో ఇప్పుడు తెలిసింది. పట్టీ గురించి కూడా చెప్పండి. బాగున్న కంటికి వేస్తారట, అది పాడవదా? మా ఆయన లేసర్ గురించి అడగమంటున్నారు.

ప్రకృతి మిత్ర:

అద్దాలకి అలవాటు చేయకండి. పొద్దున్నే సూర్యుణ్ణి చూడటం, త్రాటకం (రెప్ప వాల్చకుండా దీపాన్ని చూడటం), రోజూ క్యారెట్ రసం, పచ్చగడ్డి మీద నడక. మా వైపు ఒకాయనకి అద్దాలే పోయాయి.

ప్లస్ మైనస్:

మిత్రమా, అయిదేళ్ళ పిల్లని సూర్యుడి వైపు చూడమనడం ప్రమాదం, రెటీనా కాలిపోతుంది, దాన్ని తిరిగి తేలేం. క్యారెట్ తినండి, మంచిదే, విటమిన్ ఎ లోపం ఉన్నవాళ్ళకి పనికొస్తుంది, కనుగుడ్డు పొడవు మాత్రం పెరగదు. మీరు చెప్పే ఆయనకి నలభై దాటి మైనస్ ఉండుంటే దగ్గరికి అద్దాలు తీసేసి చదువుకోవడం మామూలే, అది వ్యాయామం మహిమ కాదు.

మేడమ్, పట్టీ సంగతి. బాగున్న కంటిని రోజులో కొన్ని గంటలు మూస్తే బద్ధకించిన కన్నుతో చూడక తప్పదు, మెదడు మళ్ళీ దాన్ని వాడుకోవడం నేర్చుకుంటుంది. ముందు అద్దాలు పెట్టి రెండు మూడు నెలలు చూడటం సరైన పద్ధతే, కొందరికి అద్దాలతోనే చూపు తిరిగి వస్తుంది, పట్టీ అవసరమే రాదు. వచ్చినా పగలంతా కట్టక్కర్లేదు, ఒక మోస్తరు లేజీ ఐ అయితే రోజుకి రెండు గంటలు కట్టినా ఆరు గంటలు కట్టినంత ఫలితం ఉంటుందని అమెరికాలో 2003లో వచ్చిన అధ్యయనంలో తేలింది. ఎన్ని గంటలో మీ డాక్టర్ చెబుతారు, చెప్పినదానికంటే ఎక్కువ కట్టి బాగున్న కన్నుని బద్ధకపెట్టొద్దు, చెప్పిన తేదీకి చూపించడం ఎగ్గొట్టొద్దు. ఆ రెండు గంటలూ రంగులు వేయించడం, పూసలు గుచ్చించడం లాంటి పని పెట్టండి. పట్టీ అద్దం మీద కాదు, చర్మానికే అంటించాలి, లేకపోతే సందులోంచి చూసేస్తారు.

లేసర్ ఇప్పుడు ఆలోచించేది కాదు. పద్దెనిమిది దాటి, పవర్ నిలకడగా ఉంటేనే అది. మైనస్‌కి కార్నియాని (కంటి ముందుండే పారదర్శక పొరని) మధ్యలో చెక్కి చదును చేస్తారు. ప్లస్‌కి మధ్యభాగం ఎత్తు పెరగాలి కాబట్టి చుట్టూ రింగులా చెక్కాలి, ఫలితం మైనస్‌లో అంత నిలకడగా ఉండదు, కొంత వెనక్కి వచ్చేస్తుంది. అందుకే చాలామంది సర్జన్లు +4 దాటితే వెనకాడతారు. పాప కొంచెం పెద్దయ్యాక కాంటాక్ట్ లెన్సులు పెట్టొచ్చు, పెళ్ళి సంగతి అప్పుడు పెళ్ళికూతురే చూసుకుంటుంది.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, హైదరాబాద్‌లో మెహదీపట్నం సరోజినీ దేవి ఆసుపత్రి ప్రభుత్వానిదే. ఎల్.వి. ప్రసాద్ సంస్థ పేదవాళ్ళకి ఉచితంగా చూస్తుంది, రెండు రాష్ట్రాల్లోనూ పల్లెల దాకా వాళ్ళ కేంద్రాలున్నాయి. కంటి వెలుగు క్యాంపుల్లో దగ్గరి అద్దాలు ఇచ్చారు కదా అని పిల్లల్ని అలాంటి క్యాంపుతో సరిపెట్టకండి, మెల్ల ఉన్న పిల్లకి చుక్కలేసే చోటు కావాలి.

రాత్రి షిఫ్ట్:

మధ్యలో నాదొక డౌట్. 34 ఏళ్ళు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్. మధ్యాహ్నం అయ్యేసరికి కనుబొమల పైన నొప్పి, స్క్రీన్ మీద అక్షరాలు అలుక్కుపోతాయి, కాసేపు దూరం చూస్తే తగ్గుతుంది. బీపీ, సైనస్, మైగ్రేన్ అన్నీ అయ్యాయి, సీటీ స్కాన్ కూడా తీశారు. ఇప్పుడు చుక్కలేసి +1.75 అన్నారు. ఈ వయసుకే చత్వారమా?

ప్లస్ మైనస్:

చత్వారం కాదండి. చత్వారంలో కన్ను పొడవు మామూలుగానే ఉండొచ్చు, వయసుతో కటకం గట్టిపడి దగ్గరికి ఉబ్బలేకపోతుంది, అది నలభై దాటాక అందరికీ వచ్చేదే. మీకు చిన్నప్పటి నుంచీ ప్లస్ ఉంది, కుర్రతనంలో కన్ను కప్పిపుచ్చింది. ఈ వయసుకి కనీసంగా ఆరున్నర డయాప్టర్ల దాకా బిగించే శక్తి మిగిలి ఉంటుంది అనుకోండి. స్క్రీన్ అర మీటరులో ఉంటే దానికి 2 కావాలి, మీ +1.75 కలిస్తే 3.75. ఉన్న శక్తిలో సగం దాటి గంటల తరబడి వాడితే తలనొప్పి రావడం మామూలే, మీరు సగం దాటేశారు. స్క్రీన్ ముందు అద్దాలు పెట్టుకోండి. పూర్తి నంబరు ఒకేసారి పెడితే దూరం మసకబారుతుంది, అందుకని కొంత తగ్గించి మొదలుపెట్టడం మామూలే. చత్వారం కూడా మీ స్నేహితుల కంటే కొన్నేళ్ళు ముందే పలకరిస్తుంది, అప్పుడు ఆశ్చర్యపోకండి.

ఇంట్లో అమ్మగారికో నాన్నగారికో దూరానికి కూడా ప్లస్ ఉందేమో కనుక్కోండి. పొట్టి కంట్లో ముందు భాగం ఇరుగ్గా ఉంటుంది, వయసు మీద పడి కటకం లావెక్కేకొద్దీ లోపలి నీరు పోయే దారి మూసుకుపోయి గ్లకోమా (కంట్లో ప్రెషర్ పెరిగి చూపు దెబ్బతినే జబ్బు) వచ్చే అవకాశం వాళ్ళకి ఎక్కువ. సాయంత్రం పూట కన్ను ఎర్రబడి నొప్పి, బల్బు చుట్టూ రంగుల వలయాలు, వాంతులు కలిసి వస్తే తలనొప్పి మాత్ర వేసి పడుకోబెట్టకండి, అదే రాత్రి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

రాత్రి షిఫ్ట్:

మా అమ్మకి దూరానికీ దగ్గరికీ రెండిటికీ ప్లస్సే, 62 ఏళ్ళు. లైటు చుట్టూ రంగులు అని ఒకట్రెండు సార్లు అంది, శుక్లాలేమో అనుకున్నాం. ఏ పరీక్ష అని అడగాలి?

ప్లస్ మైనస్:

గోనియోస్కోపీ (నీరు పోయే ఆ దారి ఎంత ఇరుగ్గా ఉందో చూసే పరీక్ష), కంటి ప్రెషర్ చూడమనండి. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసేముందే ఈ రెండూ చూడమని గుర్తు చేయండి, రంగుల వలయాల సంగతి కూడా వాళ్ళకి చెప్పండి. దారి ఇరుగ్గా ఉంటే లేసర్‌తో ఐరిస్‌లో (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరలో) చిన్న రంధ్రం చేస్తారు, అదే రోజు ఇంటికి రావచ్చు. శుక్లం కూడా ఉంటే దాని ఆపరేషన్‌తోనే దారి తెరుచుకుంటుంది, ఎందుకంటే లావెక్కిన కటకం తీసేస్తారు, దాని బదులు సరిపడా పవర్ ఉన్న లెన్సు పెడతారు కాబట్టి ఆ ప్లస్ కూడా చాలావరకు పోతుంది. వచ్చే నెల దాకా ఆగకండి, ఈ వారమే చూపించండి.